సర్కారు కొనుగోళ్లు: చిన్న వ్యాపారికి చట్టం ఇచ్చిన రక్షణ



ఖర్జె హసనా తీసుకున్నవారు వాయిదా ఎందుకు తప్పుతారని దాతలు అడగడం సహజం. ఇంట్లో జబ్బు, బిడ్డ పెళ్లి, వ్యాపారంలో నష్టం అందరికీ తెలిసిన కారణాలే. అంతగా చర్చకు రాని కారణం ఇంకొకటి ఉంది. సరుకు ఇచ్చాడు, సంతకం తీసుకున్నాడు, బిల్లు మాత్రం రాలేదు. హాస్టలుకు పరుపులు కుట్టి ఇచ్చిన దూదేకుల సోదరుడు కావచ్చు, బడికి బల్లలు చేసి ఇచ్చిన వడ్రంగి కావచ్చు, యూనిఫారాలు కుట్టిన సోదరి కావచ్చు. కొన్నవారు ప్రభుత్వం వారు కాబట్టి డబ్బు ఎక్కడికీ పోదన్న ధైర్యంతో అప్పు చేసి గుడ్డ, ఇనుము, చెక్క కొంటారు. డబ్బు పోదన్నది నిజమే. వచ్చేలోపు అప్పు మనిషిని తినేస్తుంది.

ఇక్కడ దాతలు ఒక సంగతి గమనించాలి. సర్కారు బిల్లు ఆరు నెలలు ఆలస్యమైతే ఆ ఆరు నెలల భారం ఎవరో ఒకరు మోయాలి. ఆ వ్యాపారికి మనం ఖర్జె హసనా ఇచ్చి ఉంటే, ఆ భారం మోస్తున్నది దాత ఇచ్చిన రూపాయి. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో అప్పుల్లో కూరుకుపోయినవారు ఒక వర్గం. తనకు రావలసిన సొమ్ము రాక అప్పులపాలైన వ్యాపారి ఆ వరుసలో నిలబడే దాకా ఆగడం కంటే, అతనికి రావలసింది అతనికి వచ్చేటట్టు చూడడం మేలు. అందుకు దేశంలో చట్టం ఉంది. అది ఏమి చెబుతుందో, ఎంతవరకు పనికొస్తుందో, మనం ఏమి చేయగలమో ఈ వ్యాసంలో చూద్దాం.

చట్టం ఎలా వచ్చింది?

చిన్న పరిశ్రమలకు బాకీలు ఆలస్యంగా చెల్లిస్తే వడ్డీ కట్టాలని పార్లమెంటు 1993లోనే ఒక చట్టం చేసింది. దాని స్థానంలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 2006 వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 2 నుంచి అమలులో ఉంది. వాడుకలో దీన్ని ఎంఎస్ఎంఈ చట్టం అంటున్నాం. ఇందులో మనకు కావలసినవి రెండు భాగాలు. ఒకటి, చేసిన సరఫరాకు సకాలంలో డబ్బు రావడం. రెండు, ప్రభుత్వ కొనుగోళ్లలో చిన్నవారికి వాటా దక్కడం.

ఎవరు సూక్ష్మ సంస్థ, ఎవరు చిన్న సంస్థ అన్నది యంత్రాల మీద పెట్టుబడిని, ఏడాది అమ్మకాలను బట్టి నిర్ణయిస్తారు. 2025 ఏప్రిల్ 1 నుంచి పెట్టుబడి రెండున్నర కోట్లు, అమ్మకాలు 10 కోట్లు మించకపోతే సూక్ష్మ సంస్థ. పెట్టుబడి 25 కోట్లు, అమ్మకాలు 100 కోట్లు మించకపోతే చిన్న సంస్థ. అంటే సంగంలో ముంబై రహదారి పక్కన ఉండే వెల్డింగ్ షెడ్డు, కుట్టు దుకాణం, బేకరీ, ప్రింటింగ్ ప్రెస్ అన్నీ సూక్ష్మ సంస్థలే. చట్టం మనలాంటివారి కోసం కాదు, ఫ్యాక్టరీల కోసం అని అనుకోవద్దు.

మొదటి రక్షణ: 45 రోజుల గడువు

చట్టంలోని 15వ సెక్షను ఇలా చెబుతుంది. సరుకు గానీ సేవ గానీ అందుకున్న కొనుగోలుదారు రాతపూర్వకంగా ఒప్పుకున్న తేదీలోపు డబ్బు చెల్లించాలి. ఆ ఒప్పందం ఏదైనా సరే, సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు మించకూడదు. రాత ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. సరుకు బాగాలేదన్న అభ్యంతరం ఉంటే అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే అందిన రోజే అంగీకరించినట్టు లెక్క.

ఉదాహరణ చూద్దాం. ఒక వెల్డింగ్ షెడ్డు వారు జూన్ 1న ఒక హాస్టలుకు ఇనుప మంచాలు అందించారు. ఎవరూ అభ్యంతరం రాసి ఇవ్వలేదు. చెల్లింపు తేదీ మీద రాత ఒప్పందం లేదు. అప్పుడు జూన్ 16తో గడువు ముగిసింది. ఒప్పందం ఉండి అందులో మూడు నెలలు అని రాసుకున్నా, చట్టం దృష్టిలో జూలై 16తో గడువు ముగిసింది.

కొనుగోలుదారు అంటే ఎవరు? ప్రతిఫలం ఇచ్చి సరుకు కొన్న, సేవ పొందిన వారెవరైనా అని చట్టం చెబుతుంది. కేంద్ర శాఖ, రాష్ట్ర శాఖ, ప్రభుత్వ రంగ కంపెనీ, ప్రైవేటు కంపెనీ అన్న తేడా లేదు. సీఎఫ్ఎంఎస్‌లో బిల్లు పెట్టాం, పైనుంచి నిధులు రావాలి అన్నది కార్యాలయం లోపలి సంగతి. ఆ కారణంగా గడువు ఆగదు.

రెండవ రక్షణ: ఆలస్యానికి మూడింతల వడ్డీ

గడువు దాటితే 16వ సెక్షను ప్రకారం, రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా అసలులో కలుపుతూ కొనుగోలుదారు కట్టాలి. 2023 ఫిబ్రవరి నుంచి 2025 ఫిబ్రవరి వరకు బ్యాంకు రేటు 6.75 శాతం ఉండేది. దానికి మూడింతలు అంటే ఏడాదికి 20.25 శాతం. రెండు లక్షల బిల్లు మీద మొదటి నెల వడ్డీ 3,375 రూపాయలు. రెండో నెల ఆ మొత్తాన్ని కూడా కలిపి లెక్కిస్తారు. అదే రేటున ఏడాది గడిస్తే వడ్డీ సుమారు 44,480 రూపాయలు అవుతుంది.

ఈ రేటు ఇంత ఎక్కువగా పెట్టడానికి కారణం ఉంది. బాకీ ఆలస్యం చేయడం కొనుగోలుదారుకు లాభంగా ఉన్నంతకాలం అది ఆగదు. బ్యాంకులో అప్పు తీసుకోవడం కంటే చిన్నవాడి బిల్లు ఆపడం చవక కాకూడదన్నది చట్టం ఉద్దేశం. అందుకే ఆ వడ్డీని ఆదాయపు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకోవడానికి కూడా 23వ సెక్షను ఒప్పుకోదు.

మూడవ రక్షణ: ఫెసిలిటేషన్ కౌన్సిల్

బాకీ రాకపోతే సివిల్ కోర్టుకే వెళ్లనక్కరలేదు. 18వ సెక్షను ప్రకారం రాష్ట్రంలోని సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేయవచ్చు. కౌన్సిల్ మొదట ఇరుపక్షాలను పిలిచి రాజీకి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే మధ్యవర్తిగా విచారించి తీర్పు ఇస్తుంది, లేదా ఆ పనిని ఒక మధ్యవర్తిత్వ సంస్థకు అప్పగిస్తుంది. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది.

కొన్నవారు దేశంలో ఎక్కడ ఉన్నా, సరఫరాదారు ఉన్న ప్రాంతపు కౌన్సిల్‌కే అధికారం ఉంటుంది. ఢిల్లీ కార్యాలయం బాకీ పడితే సంగం వ్యాపారి ఢిల్లీ వెళ్లనక్కరలేదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టడానికి కేంద్రం 2017 అక్టోబరులో సమాధాన్ పోర్టల్ ప్రారంభించింది. పెట్టే ముందు నెల్లూరులోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో ప్రస్తుత పద్ధతి కనుక్కోవడం మంచిది.

తీర్పు వచ్చాక కొనుగోలుదారు దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే, 19వ సెక్షను ప్రకారం తీర్పు సొమ్ములో 75 శాతం ముందుగా జమ చేయాలి. ఈ నిబంధన విలువ మన పక్క రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక కేసులో బాగా తెలిసింది. మేడ్చల్-మల్కాజిగిరి కౌన్సిల్ ఇచ్చిన తీర్పు మీద ఇండియా గ్లైకాల్స్ కంపెనీ 75 శాతం జమ చేయకుండా రిట్ పిటిషన్ వేసింది. జమ తప్పించుకోవడానికి రిట్ దారి పట్టడం కుదరదని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. పెద్ద కంపెనీ లాయర్లను పెట్టి ఏళ్లతరబడి సాగదీస్తుందన్న భయానికి ఈ 75 శాతం నిబంధనే సమాధానం.

నాలుగవ రక్షణ: కొనుగోళ్లలో వాటా

ఎంఎస్ఎంఈ చట్టం 11వ సెక్షను కింద కేంద్రం 2012లో కొనుగోళ్ల విధానం ఉత్తర్వు జారీ చేసింది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, విభాగాలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో కనీసం 20 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొనాలన్నది మొదటి నియమం. 2018 నవంబరులో దాన్ని 25 శాతానికి పెంచారు. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానుల సంస్థలకు, 3 శాతం మహిళల సంస్థలకు. మతం పేరుతో వాటా లేదు. కానీ ఆ 3 శాతం మన కుట్టు కేంద్రాల్లో పనిచేసే సోదరీమణులకు కూడా తెరిచి ఉన్న తలుపే.

ఉత్తర్వులో మరికొన్ని సౌకర్యాలు ఉన్నాయి. టెండరు పత్రాలు ఉచితం. టెండరు వేసేటప్పుడు కట్టే ధరావతు అక్కరలేదు. ఆర్డరు దక్కాక అడిగే పనితీరు హామీ సొమ్ము మాత్రం కట్టాల్సి రావచ్చు. 358 వస్తువులు సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర మాత్రమే కొనాలని కేటాయించారు. ధరలో కూడా ఒక వెసులుబాటు ఉంది. పెద్ద కంపెనీ ఒక వస్తువుకు అందరికంటే తక్కువగా 100 రూపాయలు వేసి, చిన్న సంస్థ 112 వేసిందనుకోండి. తేడా 15 శాతం లోపే కాబట్టి, 100 రూపాయలకు ఇస్తానని ఒప్పుకుంటే ఆర్డరులో కనీసం 25 శాతం చిన్న సంస్థకు ఇవ్వవచ్చు.

మన చుట్టూ చూస్తే రైల్వే ఉంది. ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఉంది. ఇలాంటి కేంద్ర సంస్థల కొనుగోళ్లు ఎక్కువగా 2016 ఆగస్టులో ప్రారంభమైన జెమ్ పోర్టల్ ద్వారా జరుగుతున్నాయి. అందులో పేరు లేనివారికి ఆ ఆర్డరు వచ్చిందని కూడా తెలియదు.

ఈ ఉత్తర్వు కేవలం సలహా కాదని, దానికి చట్టబలం ఉందని 2025 ఫిబ్రవరిలో లైఫ్‌కేర్ ఇన్నోవేషన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫలానా టెండరు నాకే రావాలని ఒక సంస్థ హక్కుగా అడగలేదు గానీ, ఉత్తర్వును అమలు చేయించవలసిన అధికార సంస్థల బాధ్యతను కోర్టు గట్టిగా గుర్తు చేసింది.

ఇది మన దేశం ఒక్కటే చేసిన పని కాదు. అమెరికా 1953లోనే చిన్న వ్యాపారాల చట్టం చేసింది. ఐరోపా సమాఖ్య 2011 ఆదేశం ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలు సాధారణంగా 30 రోజుల్లో బిల్లు చెల్లించాలి. కొనేవాడు బలవంతుడు, అమ్మేవాడు బలహీనుడు అయినచోట బేరం ఒక్కటే సరిపోదని అన్ని దేశాలూ గుర్తించాయి.

రక్షణకు ఉన్న హద్దులు

మేలు చెప్పినప్పుడు హద్దు కూడా చెప్పాలి.

మొదటిది, నమోదు. ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు లేకుండా ఈ రక్షణ ఆశించడం కష్టం. అది కూడా సరఫరాకు ముందే ఉండాలి. సరుకు ఇచ్చాక, బాకీ పడ్డాక చేసుకున్న నమోదు పాత బిల్లులకు వర్తించదని సిల్పి ఇండస్ట్రీస్ కేసులో 2021లో, మహాకాళి ఫుడ్స్ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకొక కేసులో నమోదు ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపారు. అది ఎటు తేలినా, ముందుగా నమోదు చేసుకున్నవారికి నష్టం లేదు.

రెండవది, 25 శాతం వాటా కేంద్ర సంస్థలకే. రాష్ట్ర శాఖలకు వాటి సొంత నియమాలు ఉంటాయి. 45 రోజుల గడువు, వడ్డీ, కౌన్సిల్ మాత్రం అందరికీ.

మూడవది, వాటా తయారీదారులకు, సేవలు అందించేవారికి. కొని అమ్మే వ్యాపారులకు 2021 జూలై నుంచి ఉద్యమ్ నమోదు ఇస్తున్నారు గానీ, అది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. రోడ్లు, భవనాల లాంటి నిర్మాణ కాంట్రాక్టుల విషయంలో కోర్టుల్లో వివాదాలు ఉన్నాయి, కాబట్టి లాయరును అడగాలి. రొట్టెల పండుగకు షామియానాలు, జనరేటర్లు అద్దెకు ఇచ్చేవారు సేవ అందించినవారే.

నాలుగవది, భయం. ఫిర్యాదు చేస్తే మళ్లీ ఆర్డరు రాదన్న భయం చట్టంతో పోయేది కాదు. 90 రోజుల గడువు కూడా అన్నిసార్లూ నిలబడదు. అందుకే కౌన్సిల్‌ను చివరి మెట్టుగా ఉంచుకుని, ముందు మెట్లు మర్యాదగా ఎక్కాలి.

వ్యాపారి చేయవలసినవి

1. ఉద్యమ్ నమోదు ఈరోజే చేసుకోవాలి. ఆధార్, పాన్ ఉంటే చాలు. ఫీజు లేదు, రెన్యువల్ లేదు. డబ్బు అడిగేవారిని నమ్మవద్దు.

2. నోటిమాట మీద సరుకు ఇవ్వవద్దు. ఆర్డరు కాగితం, ధర, చెల్లింపు తేదీ రాతలో ఉండాలి. అప్పుల లావాదేవీలను రాసిపెట్టుకోవాలన్న ఆదేశం పవిత్ర ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్‌లో, అల్ బఖరా సూరా 282లో ఉంది. మనకు ఈ పాఠం కొత్తది కాదు.

3. సరుకు దించినప్పుడు డెలివరీ చలానా మీద తేదీ, సంతకం, ముద్ర తీసుకోవాలి. గడువు లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.

4. బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించాలి. చదివిన అధికారికి అది ఒక జ్ఞాపిక.

5. గడువు దాటగానే, సెక్షన్లు 15, 16 ప్రస్తావిస్తూ మర్యాదగా ఒక ఉత్తరం రాసి రసీదు తీసుకోవాలి. కదలకపోతే పై అధికారికి రెండవ ఉత్తరం. ఆ తర్వాతే కౌన్సిల్. ఏళ్లు గడవనివ్వవద్దు, మూడేళ్లు దాటితే కాలపరిమితి చిక్కులు వస్తాయి.

వడ్డీ సంగతి ఏమిటి?

ఈ చట్టం గురించి చెప్పగానే మనవారిలో చాలామందికి కలిగే సందేహం ఇదే. వడ్డీ హరామ్ కదా, ఆ డబ్బు ఎలా అడుగుతాం? సందేహం సరైనదే. దానికి ఫత్వా ఇవ్వడం మా పని కాదు, ఉలమాను అడగండి. అయితే మూడు విషయాలు విడివిడిగా చూడాలి.

అసలు అడగడం వేరు, వడ్డీ తీసుకోవడం వేరు. వడ్డీ వద్దనుకున్నవారు అసలు కూడా వదులుకోనక్కరలేదు. కౌన్సిల్ రాజీ దశలో అసలు మొత్తం తీసుకుని వడ్డీ వదులుకునే వీలుంది. నాకు వడ్డీ వద్దు, నా కష్టార్జితం ఇవ్వండి అన్నమాట చాలాసార్లు రాజీని త్వరగా కుదురుస్తుంది కూడా. రెండవది, చెల్లించగలిగినవాడు బాకీని జాప్యం చేయడం అన్యాయమని మన ధర్మం కూడా చెబుతుంది. కాబట్టి చట్టం సాయం కోరడం తప్పు పని కాదు. మూడవది, ఆలస్యపు సొమ్ము తన జేబులో వేసుకోకుండా ధర్మకార్యాలకు ఇచ్చే పద్ధతి ఇస్లామీ ఆర్థిక సంస్థల ప్రమాణాల్లో కూడా ఉంది. బహ్రెయిన్‌లోని ఆయోఫీ ప్రమాణాలు బాకీదారు ముందే మాట ఇచ్చి, ఆలస్యమైతే దానధర్మానికి కట్టే పద్ధతిని ఒప్పుకున్నాయి. మన విషయానికి అది ఎంతవరకు వర్తిస్తుందన్నది ఆలిములు చెప్పాలి. వడ్డీ మాట విని చట్టాన్నే పక్కన పెట్టేస్తే మాత్రం, నష్టపోయేది పరుపులు కుట్టిన చేతులే.

దాతలకు మా విన్నపం

డబ్బు ఇవ్వడం ఒక సాయం. రావలసిన డబ్బు ఇప్పించడం ఇంకొక సాయం. రెండవదానికి అంత ఖర్చు కూడా కాదు. ఒక కంప్యూటరు, చదువుకున్న ఒక యువకుడు, వారానికి రెండు పూటలు ఉంటే ఉద్యమ్, జెమ్ నమోదులు, ఉత్తరాలు రాయడం సాగిపోతాయి. దాతల్లో లాయర్లు, ఆడిటర్లు ఉన్నారు. నెలకు ఒక పూట మీ సమయం ఇస్తే అది కూడా సదఖాయే. ఖర్జె హసనా ఇచ్చేటప్పుడే ఆ వ్యాపారికి నమోదు ఉందా, ఆర్డరు కాగితం ఉందా అని చూసి, లేకపోతే చేయించి ఇస్తే, మీరు ఇచ్చిన రూపాయి వేళకు తిరిగి వచ్చి ఇంకొకరికి అందుతుంది.

చివరగా ఒక మాట, చనువుగా. ఈ సంచికను చదువుతున్నవారిలో బడులు, ఆసుపత్రులు, మిల్లులు, రొయ్యల వ్యాపారాలు నడిపేవారు ఉన్నారు. మీరూ కొనుగోలుదారులే. 45 రోజుల గడువు సర్కారుకు ఎంతో మనకూ అంతే. పైగా 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఉన్న నిబంధన ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోపు కట్టని బిల్లును ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు, నిజంగా కట్టిన ఏడాదిలోనే చూపించాలి. రమజాన్‌లో జకాత్ లెక్క వేసేటప్పుడు, మన యూనిఫారాలు కుట్టిన దర్జీకి, మన గేటు చేసిన వెల్డరుకు, మన రసీదు పుస్తకాలు అచ్చువేసిన ప్రెస్సుకు ఏమైనా బాకీ ఉన్నామా అని కూడా ఒకసారి చూసుకుందాం. ఆ బాకీ తీర్చడం దానం కాదు, వారి హక్కు. దానం దాని తర్వాత మొదలవుతుంది.

అల్లాహ్ మన సంపాదనలో బర్కత్‌ను, ఇచ్చిపుచ్చుకోవడాల్లో న్యాయాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.